తలరాత, ప్రారబ్ధం, షుగరు మందులు: ఇంట్లో పెద్దవాళ్లతో ఎలా మాట్లాడాలి?

పెన్నేటి గట్టు (కడప)

అందరికీ నమస్కారం. మా అమ్మకు షుగరు వచ్చి పదేళ్లు దాటింది. మాత్రలతో ఇన్నాళ్లు నెట్టుకొచ్చాము. ఈ ఏడాది మూడు నెలల సగటు చక్కెర, అంటే హెచ్‌బీఏ1సీ, 10.4 శాతానికి చేరడంతో, ఇక రాత్రిపూట ఒక ఇన్సులిన్ సూది తప్పదని డాక్టరు గారు చెప్పారు. అమ్మ ససేమిరా అంటోంది. "ఇది నా ప్రారబ్ధం. అనుభవించి తీర్చుకోవాలి. సూదులతో తప్పించుకుంటే మిగిలిన బాకీ వచ్చే జన్మకు పోతుంది" అన్నది ఆమె వాదన. దానికి తోడు నెలకు రెండు ఏకాదశులు, శ్రావణ శనివారాలు, కార్తీక సోమవారాలు అన్నీ ఉపవాసాలే. ఉపవాసం నాడు మాత్ర మింగితే వ్రతభంగమని మానేస్తుంది, మరునాడు పొద్దున్నే పారణ పేరుతో చక్కెర పొంగలి తింటుంది. దేవుని కడప వెంకటేశ్వరస్వామి మీద ఆమెకున్న భక్తిని నేను తక్కువ చేసి మాట్లాడలేను, వాదించి గెలవాలన్న కోరికా లేదు. ఇటువంటి నమ్మకం ఉన్న పెద్దవాళ్లను మీ ఇళ్లలో ఎలా ఒప్పించారో చెప్పగలరా?

బురుజు నీడ (కర్నూలు)

మీరు మెత్తగా అడిగారు కాబట్టి నేను కొంచెం గట్టిగా చెబుతాను, ఏమీ అనుకోవద్దు. నమ్మకాన్ని గౌరవించాలంటూ ఇంట్లో అందరూ మౌనంగా ఉండడం వల్లనే, వేలికి తగిలిన చిన్న పుండు మోకాలి దాకా పోయేవరకు ఎవరూ మేలుకోరు. కర్మ సిద్ధాంతంలో నాకు కనిపించే అసలు దోషం మందులు మాన్పించడం కాదు, రోగిని దోషిగా నిలబెట్టడం. ఏదో పాపం చేసి ఉంటాడు కాబట్టే రోగం వచ్చిందనే భావం ఊళ్లో ఉన్నంతవరకు, పెళ్లి కావలసిన ఆడపిల్లకు షుగరు ఉందన్న సంగతిని తల్లిదండ్రులు దాస్తారు, ఆ పిల్ల అత్తవారింట్లో సూదిని దాస్తుంది, ఆ దాపరికమే ఆమె ప్రాణం మీదికి వస్తుంది. మీ అమ్మగారికి చెప్పవలసింది ఒక్కటే: ఇన్సులిన్ తయారుచేసే క్లోమగ్రంథికి పూర్వజన్మ తెలియదు.

ధర్మవరం మగ్గం

బురుజు అన్నా, మీ మాటలో న్యాయం లేకపోలేదు గానీ, తలరాత అన్న మాట అందరినీ ఒకే దారిలో నడిపించదు. మాది మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని పొద్దున్నించి సాయంత్రం దాకా కూర్చునే పని. కొన్నేళ్ల కిందట జరీ పోగుకూ పట్టు పోగుకూ మధ్య తేడా కంటికి మసకబారి, అంచులో పోగులు తప్పుతుంటే, అద్దాలు మార్చుకోవాలేమోనని కంటి డాక్టరు దగ్గరికి పోయాను. ఆయన ముందు రక్తం పరీక్ష చేయించుకోమన్నారు, అప్పుడు బయటపడింది. ఆ వారమంతా నాకు నిద్ర లేదు. ఎందుకు తిన్నాను, ఎందుకు నడవలేదు, ఎందుకు ముందే చూపించుకోలేదు అని నన్ను నేనే తిట్టుకుంటూ ఉంటే, మా అమ్మ "రాసిపెట్టి ఉంది, వచ్చింది, ఇప్పుడేం చేయాలో చూడు" అన్నది. ఆ మాటతో మనసు కుదుటపడి మందులు మొదలుపెట్టగలిగాను. జబ్బు రావడం తలరాత అని నేను ఈ రోజుకూ నమ్ముతాను. మాత్ర మర్చిపోవడం మాత్రం తలరాత కాదు, అది నా నిర్లక్ష్యం. ఈ రెంటికీ మధ్య గీత గీసుకున్నవాడికి నమ్మకం అడ్డు రాదు.

పెన్నేటి గట్టు గారూ, అమ్మగారు ప్రారబ్ధం అంటున్నారంటే ఆ మాట వెనక ఇంకేదో ఉందేమో ఒకసారి అడిగి చూడండి. మా వీధిలో ఆ మాటను భయానికీ, ఖర్చుకూ, విసుగుకూ అన్నింటికీ వాడతారు.

గుత్తి పంతులు (అనంతపురం జిల్లా)

నేను పదవీ విరమణ చేసిన సంస్కృతోపాధ్యాయుణ్ణి. శాస్త్రం పేరు మీద మందు మానేవారికి శాస్త్రంతోనే సమాధానం చెప్పవచ్చునన్నది నా అనుభవం, ఎందుకంటే వారు డాక్టరు మాట కన్నా ఆ మాటకు త్వరగా తలవంచుతారు.

మొదటిది ఉపవాసం సంగతి. మహాభారతం ఉద్యోగపర్వంలో విదురుడు చెప్పే మాటల్లో ఒక శ్లోకం ఉంది: "అష్టౌ తాన్యవ్రతఘ్నాని ఆపో మూలం ఫలం పయః, హవిర్బ్రాహ్మణకామ్యా చ గురోర్వచనమౌషధమ్." నీళ్లు, దుంపలు, పండ్లు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుని కోరిక, గురువు మాట, ఔషధం అనే ఈ ఎనిమిదీ వ్రతాన్ని చెరపవు అని దాని భావం. చివరి పదం ఔషధమే. మాత్ర మింగినంత మాత్రాన ఏకాదశి పాడవుతుందని అమ్మగారికి ఎవరు చెప్పారో గానీ, వారు ఈ శ్లోకం చూడలేదు.

రెండవది ఆయువు, దైవం సంగతి. చరకసంహిత విమానస్థానం మూడవ అధ్యాయంలో, మనిషి ఆయువు ముందే నిర్ణయమై ఉంటుందా ఉండదా అని అగ్నివేశుడు తన గురువైన ఆత్రేయుణ్ణి సూటిగా అడుగుతాడు. పూర్వజన్మలో చేసినది దైవమనీ, ఈ జన్మలో చేసేది పురుషకారమనీ, ఆయువు ఈ రెంటి మీదా ఆధారపడి ఉంటుందనీ, బలమైన పురుషకారం బలహీనమైన దైవాన్ని అణచివేస్తుందనీ గురువు జవాబిస్తాడు. అందరి ఆయువూ ముందే నిర్ణయమై ఉంటే మంత్రాలతో, ఓషధులతో ఎవరికీ పని ఉండేది కాదు, మదించిన ఏనుగు ఎదురొస్తే పక్కకు తప్పుకోవలసిన అవసరమూ ఉండేది కాదు అని కూడా అంటాడు. కర్మను తోసిపుచ్చకుండానే వైద్యానికి చోటు చూపించిన ఆ సంభాషణ, నా దృష్టిలో, మన ఇళ్లలో జరిగే వాదాలన్నింటికన్నా మర్యాదగా ఉంది.

ప్రమేహానికి, అంటే మధుమేహం కూడా చేరిన మూత్రవ్యాధుల వర్గానికి, కారణాలు చెప్పేటప్పుడు కూడా అదే గ్రంథం సుఖంగా కూర్చోవడం, అతిగా నిద్రపోవడం, పెరుగు, పాలు, కొత్త ధాన్యం, బెల్లపు వంటకాలు అంటూ పోతుంది. సుశ్రుతుడు పేద రోగిని గొడుగూ చెప్పులూ లేకుండా నూరు యోజనాలు నడవమన్నాడు, బావులు తవ్వమన్నాడు. నడవమన్న మాటను తీసుకుందాం. చెప్పులు లేకుండా అన్నదాన్ని వదిలిపెడదాం, అప్పటికి పాదాల స్పర్శ పరీక్షలు లేవు.

ప్రొద్దుటూరు మందులషాపు

ధర్మవరం అన్న చెప్పినది అక్షరాలా నిజమని కౌంటరు ఇవతల నిలబడినవాడిగా సాక్ష్యం చెబుతాను. నెలాఖరు వచ్చేసరికి కొందరు పదిహేను మాత్రల షీటును కత్తెరతో సగానికి కత్తిరించి ఇమ్మంటారు. మిగతా సగం ఎప్పుడు తీసుకుంటారని అడిగితే "దేవుడున్నాడులే అన్నా" అంటారు. వినేవాడికి అది భక్తిగా వినిపిస్తుంది గానీ, నిజానికి అది జేబులో డబ్బు లేదని చెప్పే మర్యాదైన పద్ధతి. అటువంటివారికి నేను వేదాంతం చెప్పను. మెట్‌ఫార్మిన్ వంటి పాత మందులు జన ఔషధి దుకాణంలో చాలా తక్కువ ధరకు దొరుకుతాయనీ, ప్రభుత్వాసుపత్రిలోనూ ఊరికి వచ్చే 104 వాహనం దగ్గరా ఉచితంగా ఇస్తారనీ చెప్పి పంపిస్తాను.

రెండో రకం వారు వేరు. కార్తీకం, మార్గశిరం వచ్చాయంటే నల్లబట్టల స్వాములు వచ్చి, "మాలలో ఉన్నాను, ఈ మండలం మాత్రలు వద్దు, ఎటూ ఒంటిపూట భోజనమే కదా" అంటారు. ఒంటిపూట భోజనమన్న పేరే గానీ, భిక్షలో పెట్టే అన్నం, పాయసం, రాత్రి అల్పాహారంలో ఉప్మా, అరటిపండ్లు లెక్కవేస్తే మామూలు రోజుకన్నా తక్కువేమీ ఉండదు. మూడో రకం వారు అన్నింటికన్నా ప్రమాదం. ఎవరో స్వామీజీ పేరుతో పొట్లాల్లో అమ్మే పొడి వాడి, షుగరు పూర్తిగా నయమైందని మాత్రలు మానేస్తారు. మధుమేహాన్ని నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వడమే 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం నేరం. ఆ చట్టం జాబితాలో మధుమేహం పేరు స్పష్టంగా ఉంది. అయినా గోడల మీద రాతలు ఆగవు.

పెన్నేటి గట్టు (కడప)

అందరికీ కృతజ్ఞతలు. ధర్మవరం అన్న చెప్పినట్టు నిన్న రాత్రి అమ్మ దగ్గర కూర్చుని, కర్మ సంగతి ఎత్తకుండా, సూది అంటే నీకు ఏం గుర్తుకొస్తుందని అడిగాను. చాలాసేపటికి మా పెద్దమామ పేరు చెప్పింది. ఆయనకు ఇన్సులిన్ మొదలుపెట్టిన కొన్ని నెలలకే కాలు తీసేశారు, ఆ మరుసటి ఏడు పోయారు. అమ్మ లెక్కలో ఇన్సులిన్ అంటే చివరి మెట్టు. ఇంకో మాట కూడా అన్నది: "నువ్వు ఆఫీసుకు పోతే నాకు సూది వేసేదెవరు, నీ పెళ్లాం మీద ఆ బరువు కూడా ఎందుకు?" ఈ రెండు మాటలూ చెప్పడానికి ఆమెకు మనసొప్పలేదు. ప్రారబ్ధం అంటే మాత్రం ఎవరూ ఎదురు ప్రశ్న వేయరు కదా.

తుంగభద్ర వైద్యుడు (కర్నూలు)

నేను జనరల్ మెడిసిన్‌లో పనిచేస్తున్నాను. మీ అమ్మగారి భయం నా దగ్గరికి వచ్చేవారిలో తరచు కనిపిస్తుంది, కాబట్టి ముందు దానికే జవాబు చెబుతాను. ఇన్సులిన్ వల్ల కాలు పోలేదు. ఏళ్ల తరబడి చక్కెర అదుపులో లేక నరాలు, రక్తనాళాలు దెబ్బతిన్న తరువాత, ఆఖరు దశలో ఇన్సులిన్ మొదలుపెట్టారు. అందుకే జనం కంటికి సూది, కోత ఒకదాని వెంట ఒకటి వచ్చినట్టు కనిపిస్తాయి. ముందుగా మొదలుపెట్టి ఉంటే ఆ కాలు దక్కే అవకాశం ఎక్కువగా ఉండేది. ఇక సూది విషయానికి వస్తే, ఇప్పటి పెన్ను సూది పొడవు నాలుగు మిల్లీమీటర్లు మాత్రమే. చాలామంది పెద్దవాళ్లు ఒక్కసారి చూపిస్తే తామే వేసుకుంటారు. డాక్టరును అడిగి, మందు లేని ఖాళీ సూదిని ఆసుపత్రిలోనే ఒకసారి గుచ్చి చూపించమనండి. మాటలకన్నా అది బాగా పనిచేస్తుంది.

విధి గురించి ఒక చారిత్రక విషయం చెబుతాను. 1922 జనవరికి ముందు, ఎక్కువగా చిన్నపిల్లలకు వచ్చే టైప్ 1 మధుమేహం ఏ దేశంలోనైనా మరణశాసనమే. టొరంటోలో లెనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ల బాలునికి ఆ నెలలో ఇన్సులిన్ ఇచ్చారు. అతను 1935 వరకు, అంటే మరో పదమూడేళ్లు బతికాడు. అతని తల్లిదండ్రులు దానిని దైవకృప అనుకున్నా, వైద్యం అనుకున్నా, సూది వేయించుకోవడమన్నది మాత్రం జరగవలసిన పని.

ఇంకో సంగతి. విధివాదం కేవలం గుడికి వెళ్లేవారిదే అనుకోవద్దు. "మా వంశంలోనే ఉంది సార్, మా నాన్నకు, తాతకు ఉంది, నాకు రాక మానదు" అని చదువుకున్న యువకులు చెప్పేది కూడా తలరాతే, కాకపోతే జన్యువుల భాషలో చెబుతున్నారు. చెన్నైలో జరిగి 2006లో ప్రచురితమైన భారతీయ మధుమేహ నివారణ అధ్యయనంలో, మధుమేహానికి దగ్గరలో ఉన్నవారు ఆహారం, నడక మార్చుకుంటే, జబ్బుగా మారే ముప్పు మూడేళ్లలో 28.5 శాతం తగ్గింది. 2023లో వచ్చిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం ప్రకారం మన దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం, మరో 13.6 కోట్ల మందికి దాని ముందరి దశ ఉన్నాయి. ఈ రెండో వర్గానికి వంశం అన్న మాట పూర్తి తీర్పు కాదు.

అమెరికాలో 2010లో కొందరు పరిశోధకులు మధుమేహ రోగుల్లో విధివాదాన్ని కొలవడానికి పన్నెండు ప్రశ్నల కొలమానం తయారుచేశారు. అందులో దైవం మీద భారం వేయడం ఒక భాగమైతే, జబ్బు వల్ల కలిగే మానసిక వేదన ఒక భాగం, తన చేతనవుతుందన్న ధైర్యం లేకపోవడం మరో భాగం. ధర్మవరం మగ్గం గారు వీధిలో చూసి చెప్పినది కూడా ఇదే.

ఉపవాసం గురించి: మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి ఉపవాసంలో చక్కెర పడిపోయే ప్రమాదం తక్కువ. గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు, ఇన్సులిన్ వాడేవారికి ఆ ప్రమాదం ఎక్కువ, కాబట్టి మోతాదు, వేళ ముందుగానే మార్చుకోవాలి. మూత్రం ద్వారా చక్కెరను బయటికి పంపే డపాగ్లిఫ్లోజిన్ వంటి మందులు వాడేవారు నీళ్లు కూడా తాగని ఉపవాసం చేయడం మంచిది కాదు. రక్తంలో చక్కెర 70 కన్నా తగ్గినా, 300 దాటినా ఆ రోజుకు ఉపవాసం ఆపేయాలి. చెమటలు, వణుకు, కళ్లు బైర్లు కమ్మడం మొదలైతే మూడు చెంచాల గ్లూకోజు పొడి నీళ్లలో కలిపి తాగి, పావుగంట తరువాత మళ్లీ పరీక్షించుకోవాలి.

పెద్ద దర్గా వీధి (కడప)

డాక్టరు గారు చెప్పిన అంకెలే రంజాన్‌కూ వర్తిస్తాయి కాబట్టి మా వైపు సంగతి చెబుతాను. నేను ఉర్దూ బడిలో పాఠాలు చెబుతాను. రోగికి ఉపవాసం నుంచి మినహాయింపు ఉందని ఖురాన్ రెండవ అధ్యాయంలోనే స్పష్టంగా ఉంది. తరువాత కోలుకునేవారు ఆ రోజులను తరువాత పూర్తిచేయాలి, కోలుకునే ఆశ లేనివారు రోజుకు ఒక పేదకు భోజనం పెట్టాలి. దానినే ఫిద్యా అంటాము. ఈ విషయం తెలియని ముస్లిం ఇల్లు కడపలో ఉండదు. అయినా షుగరు ఉన్న మా అత్తగారు రోజా, అంటే రంజాన్ ఉపవాసం, వదలరు. కారణం మసలా, అంటే ధర్మనియమం, తెలియక కాదు, ఇంటిల్లిపాదీ తెల్లవారకముందు తినే సహరీకి లేచి, సాయంత్రం ఇఫ్తార్ కోసం ఎదురుచూస్తుంటే, మధ్యాహ్నం తానొక్కతే వంటింట్లో కూర్చుని తినడం ఆమెకు నామోషీ. ఆ నామోషీకి ఫత్వా పనిచేయలేదు. రంజాన్‌కు రెండు నెలల ముందే డాక్టరు దగ్గరికి తీసుకుపోయి, పొద్దుటి పెద్ద మోతాదును ఇఫ్తార్‌కు మార్పించి, వేలు గుచ్చి చూసుకుంటే రోజా చెడిపోదని మా మసీదు ఇమాం సాబ్ చేత చెప్పించాము. 70 కన్నా తగ్గిన రోజు మారుమాట్లాడకుండా తినాలన్న షరతు మీద ఉండనిచ్చాము. ఆ సంవత్సరం రెండు రోజాలు మధ్యలో ఆపారు, మిగతావి క్షేమంగా గడిచాయి.

తక్దీర్, అంటే విధిరాత, గురించి మా పిల్లలకు చెప్పే సంఘటన ఒకటి ఉంది. క్రీస్తుశకం 639 ప్రాంతంలో సిరియాలో మహమ్మారి వ్యాపించినప్పుడు, ఖలీఫా ఉమర్ గారు దారిలోనే వెనక్కి మరలిపోతుంటే, సేనాని అబూ ఉబైదా గారు "అల్లాహ్ రాసిన విధి నుంచి పారిపోతున్నారా?" అని అడిగారు. "అవును, అల్లాహ్ విధి నుంచి అల్లాహ్ విధిలోకే పోతున్నాము" అని ఉమర్ గారు బదులిచ్చారు. జబ్బు కూడా ఆయన రాసినదే, మందు కూడా ఆయన రాసినదే. పెద్ద దర్గాకు హిందువులూ ముస్లింలూ అందరూ వస్తారు, తావీజు కట్టుకుంటారు. కట్టుకోనివ్వండి, మాత్రల డబ్బా పక్కన ఉన్నంతవరకు దానితో పేచీ లేదు.

జమ్మలమడుగు నర్సు

మాది క్రైస్తవ కుటుంబం. మా ఊళ్లో మిషనరీలు గుడితో పాటు ఆసుపత్రి కూడా కట్టారు, కాబట్టి ప్రార్థన, వైద్యం కలిసి నడవడం చిన్నప్పటి నుంచి చూసినదాన్ని. అయినా నేను పనిచేసిన ఒక చోట, టైప్ 1 ఉన్న పదకొండేళ్ల బాబును ఒక స్వస్థత కూటానికి తీసుకుపోయి, స్వస్థత కలిగిందని సాక్ష్యం చెప్పించి, ఇన్సులిన్ ఆపేశారు. మూడో రోజుకు వాంతులు, కడుపునొప్పితో తీసుకొచ్చారు. బాబు రొమ్ము ఎగిరెగిరి పడేలా ఊపిరి తీస్తున్నాడు, నోటి దగ్గర మాగిన పండు వాసన. ఇన్సులిన్ అందక రక్తంలో ఆమ్లం పెరిగితే వచ్చే వాసన అది, తెలిసినవారు వెంటనే గుర్తుపడతారు. బాబు బతికాడు. తల్లి మాత్రం మంచం పక్కన కూర్చుని, మందు మళ్లీ వేయిస్తే విశ్వాసం లేనట్టు అవుతుందేమోనని ఏడ్చింది.

ఆమెకు నేను చెప్పినది: బైబిల్లో యెషయా ప్రవక్త హిజ్కియా రాజు బతుకుతాడని దేవుని మాట చెప్పిన తరువాత కూడా, పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద కట్టమన్నాడు. వాగ్దానం ఉంది గదా అని కట్టు మానలేదు. పౌలు తన సహచరుణ్ణి ప్రియుడైన వైద్యుడు లూకా అన్నాడు. ఈ మాటలు ఆమెకు నా నోట విన్నప్పుడు సగమే ఎక్కాయి. వాళ్ల పాస్టరు గారే వార్డుకు వచ్చి, బాబు చెయ్యి పట్టుకుని ప్రార్థించి, ప్రార్థన చివర "సిస్టర్, ఇంజెక్షన్ వేయండి" అన్నప్పుడు పూర్తిగా ఎక్కాయి.

అందరూ గుర్తుపెట్టుకోవలసిన తేడా ఒకటుంది. టైప్ 2 ఉన్న పెద్దవాళ్లు ఒక రోజు మాత్ర మానితే వెంటనే ఏమీ కనిపించకపోవచ్చు, ఆ నష్టం ఏళ్ల మీద తెలుస్తుంది. టైప్ 1 పిల్లలకు ఇన్సులిన్ ఆపితే గడువు రోజుల్లోనే ఉంటుంది. అక్కడ బుజ్జగింపులకు సమయం ఉండదు, నేరుగా ఆసుపత్రికి తీసుకుపోవాలి.

బురుజు నీడ (కర్నూలు)

పంతులు గారి శ్లోకం, టీచరమ్మ గారి ఉదాహరణ, నర్సమ్మ గారి అనుభవం అన్నీ చదివాను, వాటి వల్ల ప్రయోజనం ఉందని ఒప్పుకుంటాను. అయినా నా అభ్యంతరం పూర్తిగా పోలేదు. ఈ మూడు చోట్లా ఆ స్త్రీ తనకో తన బిడ్డకో మందు వేయించడానికి ఇంకొకరి అనుమతి కావలసి వచ్చింది. ఒకచోట శాస్త్రం, ఒకచోట ఇమాం, ఒకచోట పాస్టరు. వారు మంచివారు కాబట్టి సరిపోయింది. రేపు అదే స్థానంలో కూర్చున్నవాడు మందు వద్దంటే ఏం చేస్తాము? పైగా గమనించండి, మనం ఇప్పటివరకు మాట్లాడినవారిలో తలరాత అన్న మాటను ఎక్కువగా మోస్తున్నది ఆడవాళ్లే. మగవాడికి షుగరు వస్తే ఇంట్లో జొన్నరొట్టె, కొర్రన్నం వేరుగా తయారవుతాయి. ఆమెకు వస్తే అందరికీ వండిన అన్నమే చివరగా తింటుంది, మిగిలిపోయిన ఓళిగలు పారేయలేక అవీ తింటుంది. దానికి ఆమె పెట్టుకున్న పేరు తలరాత.

ధర్మవరం మగ్గం

ఈ ఒక్క విషయంలో మీతో నేను వాదించను అన్నా. మా ఇంట్లోనూ నాకే ముందు వడ్డిస్తారు.

కళ్యాణదుర్గం రైతు

మా అనంతపురం జిల్లాలో ఏడాదికి కురిసేది సగటున 550 మిల్లీమీటర్ల వాన, అది కూడా ఎప్పుడొస్తుందో దేవునికే తెలుసు. ఇక్కడ చెనిక్కాయ వేసే రైతుకన్నా తలరాతను నమ్మేవాడు ఇంకెక్కడా ఉండడు. అయినా జూన్ వచ్చిందంటే విత్తనం తెచ్చుకుంటాడు, అదునులో దుక్కి దున్నుతాడు, కలుపు తీస్తాడు. పండకపోతే తలరాత అంటాడు గానీ, తలరాత ఉంది కదా అని విత్తడం మానినవాణ్ణి నేను చూడలేదు. మా నాయనకు డాక్టరు మాటలు ఎక్కకపోతే ఇదే చెప్పాను. "విత్తే పని నీది, పండే సంగతి దేవునిది అని నువ్వే కదా నేర్పించావు" అన్నాను. ఆయన ఏమీ అనలేదు గానీ సాయంత్రం నడకకు చెప్పులు తొడుక్కున్నాడు. సంగటిలో చక్కెర ఉండదని రెండు ముద్దలు తినే అలవాటును మాత్రం ఇంకా మాన్పించలేకపోతున్నాను.

తుంగభద్ర వైద్యుడు (కర్నూలు)

రాగి సంగటి మంచిదే గానీ అందులో బియ్యం కూడా కలుస్తుంది, రాగిలోనూ పిండిపదార్థం ఎక్కువే. ఒక చిన్న ముద్ద, దానికి రెండింతలు ఆకుకూర పప్పు అన్న కొలత పెట్టండి. తిన్న రెండు గంటలకు ఒకసారి మీటరుతో చూపిస్తే ఆయనకే తెలిసిపోతుంది.

బురుజు నీడ గారు అడిగిన ప్రశ్న న్యాయమైనది. పూజారో పాస్టరో మద్దతు ఇస్తే సంతోషమే. వారు మందు వద్దన్నప్పుడు కుటుంబం వారి మాటను పక్కనపెట్టి ఆసుపత్రికి రావాలి, అందులో రాజీ లేదు.

నిర్వాహకుడు

సభ్యులు తమ మందుల మోతాదులను ఇక్కడ రాసి పెంచాలా తగ్గించాలా అని అడగవద్దు. ఆ మార్పులు మీ డాక్టరు చేత మాత్రమే చేయించుకోండి. ఏ మతాన్నీ కించపరచకుండా సాగుతున్నందుకు కృతజ్ఞతలు.

పెన్నేటి గట్టు (కడప)

పంతులు గారూ, శ్లోకాన్ని పెద్ద అక్షరాలతో రాసి ఇచ్చాను, అమ్మ దేవుని గూట్లో పెట్టుకుంది. వచ్చే ఏకాదశికి పాలు, పండ్లు, మాత్ర ఒప్పుకుంది. మామ సంగతిని డాక్టరు గారు తుంగభద్ర వైద్యుడు గారి లాగే విడమరిచి చెప్పారు, అక్కడి నర్సు ఖాళీ సూది గుచ్చి చూపించారు. "ఇంతేనా" అన్నది. ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు, పండగ పోనీ అంటోంది. బురుజు నీడ గారి మాట తరువాత నేను వంటింటి వైపు కూడా చూడడం మొదలుపెట్టాను. ఇప్పుడు అమ్మ మాతో పాటే కూర్చుని తింటోంది.

ఆదోని పత్తి

ఇదే విషయంలో నాదొక ప్రశ్న. మా నాన్నగారు ఏటా ఉగాదికి బృందంతో కలిసి శ్రీశైలానికి నడిచిపోతారు. మల్లన్న మొక్కు, నల్లమల దారిలో చెప్పులు లేకుండా నడవడం ఆయనకు పట్టింపు. ఇప్పుడు పాదాలలో స్పర్శ తగ్గింది, పోయిన వారం బొటనవేలి కింద ముల్లు విరిగి ఉన్నా తెలుసుకోలేదు, మా అమ్మ చూసి తీసింది. "మల్లన్న నడిపిస్తాడు" అంటున్నారు. ఈసారి ఎలా ఆపాలి?

తుంగభద్ర వైద్యుడు (కర్నూలు)

ముల్లు దిగినా తెలియని పాదంతో, వేసవి మొదట్లో అడవిదారిన, ఉత్తకాళ్లతో నడవడాన్ని నేను ఏ షరతు మీదా ఒప్పుకోను. ముందు పాదాల పరీక్ష చేయించండి. పది గ్రాముల నైలాన్ పోగుతో అరికాలిని తాకి చూస్తారు, పాదంలో నాడి చూస్తారు, రెండు నిమిషాల పని. స్పర్శ పోయిందని తేలితే, బస్సులో వెళ్లి దర్శనం చేసుకోవడమే సరి. కొండ మీద నడిచే కాసేపు కూడా మెత్తని చెప్పులు ఉండాలి. గుడి లోపల ఎటూ విప్పాలి కాబట్టి, రాళ్లు వేడెక్కకముందే తెల్లవారుజామున వెళ్లి, మందపాటి నూలు మేజోళ్లు వేసుకుని రావాలి. ఇన్సులిన్ వాడుతుంటే దానిని ఎండలో బస్సు కిటికీ పక్కన పెట్టవద్దు, తడిగుడ్డ చుట్టిన చిన్న కుండలోనో చల్లని సంచిలోనో ఉంచండి.

గుత్తి పంతులు (అనంతపురం జిల్లా)

మొక్కును మరొకరి చేత తీర్పించే పద్ధతి మన ఇళ్లలో ఎప్పటి నుంచో ఉంది. ఆదోని గారూ, తండ్రి మొక్కును కొడుకు నడిచి తీర్చవచ్చు. మీరు సిద్ధమేనా?

ఆదోని పత్తి

సిద్ధమే. నాన్నగారితో మాట్లాడాను. ఆయన బస్సులో వచ్చి కొండ మీద నన్ను కలుసుకోవాలని, బృందం పెద్దాయన సమక్షంలో ఒప్పందం కుదిరింది. చెప్పుల దగ్గర మాత్రం ఇంకా పేచీ ఉంది, తోలు చెప్పులు వద్దంటున్నారు. తోలు లేనివి ఏవి మంచివి?

ప్రొద్దుటూరు మందులషాపు

ఎంసీఆర్ చెప్పులని అడగండి, అవి మెత్తని రబ్బరు అట్టతో చేస్తారు, తోలు పట్టీ లేనివి కూడా దొరుకుతాయి. వెనక పట్టీ ఉన్నవే తీసుకోండి, స్పర్శ లేని కాలికి వేళ్లతో పట్టుకునే చెప్పు జారిపోయినా తెలియదు. పాదాలు సాయంత్రానికి కొంచెం ఉబ్బుతాయి కాబట్టి కొలత ఆ వేళప్పుడు ఇవ్వాలి. తెచ్చిన తరువాత మొదటి వారం రోజూ ఇంట్లోనే కాసేపు వేయించి, విప్పగానే అరికాలు, వేళ్ల సందులు చూడండి. ఎక్కడైనా ఎర్రమచ్చ కనిపిస్తే ఆ జత వెనక్కి ఇచ్చి మార్పించుకోవాలి, కొట్టువాళ్లు గొణిగినా సరే.